నూట ముప్పైయ్యారో పెట్టె

భూపాలపల్లి కోర్ షెడ్డులో
రేకుల కింద మధ్యాహ్నం ఉడుకుతోంది.
రాజవీరు తడిగుడ్డతో రాతి కడ్డీలు తుడుస్తున్నాడు,
పసిబిడ్డ వీపు తుడిచినట్టు కాదు,
జిడ్డు గిన్నెలు తోమినట్టు, విసుగ్గా.

ఇసుకరాయి, ఇసుకరాయి, బొగ్గు, మళ్లీ ఇసుకరాయి.
నూట ముప్పైయ్యారో పెట్టెలో వరుస తప్పింది.
రావాల్సిన బొగ్గుపొర రాలేదు.
వేలికి జారే బూడిదరంగు బంకమట్టి,
దాని కింద రాతిమీద ఒకే దిక్కుకు గీరలు,
ఎవరో బరువైన బీరువాను
గచ్చుమీద ఈడ్చుకెళ్లినట్టు.

"ఫాల్టు," అన్నాను.
"ఎర్కే మేడం. మా బాపు దాన్ని దొంగ అనెటోడు.
నిన్నటిదాంక ఉన్న బొగ్గు
తెల్లారెసరికి ఉండకపోవు.
షిఫ్టు షిఫ్టంత రాయి ముంగట నిలవడెటోళ్లట,
తాళమేసిన ఇంటిముంగట సుట్టాల లెక్క."

గీరలు దాటాక, అరచెయ్యి మందాన నల్లరాయి.
గింజ కనపడనంత సన్నం.
దాన్ని తాకిన బొగ్గు ఇక బొగ్గు కాదు,
మాడి, నిలువునా పలుకులై చిట్లింది,
అడుగంటిన అన్నం గోకితే వచ్చేదిలా.

ఈ నేల ఒకప్పుడు వేరుపడదామనుకుంది.
మంథని నుంచి మణుగూరు దాకా నడుమ కుంగింది.
గ్రానైటు ఒడ్లు రెండూ ఎడమెడమయ్యాయి.
తర్వాత ఏమయిందో,
లాగే చెయ్యి అలిసిపోయింది.
సముద్రం రావాల్సిన చోటికి
గోదావరి వచ్చింది.

"అయితే ముందుగాల పగిలిందా,
ముందుగాల మండిందా?"

నా చదువు దగ్గర జవాబులు రెండున్నాయి.
పగులు దొరికితే నిప్పు దాన్నే పట్టుకుని ఎక్కొస్తుంది.
దొరక్కపోతే
రాతిని ఒత్తి ఒత్తి తనే చీల్చుకుంటుంది.
చల్లారాక అదే అతుకు,
ఒక్కోచోట పక్కరాయికన్నా గట్టిది.
మళ్లీ లాగితే నేల
అతుకు దగ్గర కాదు, దాని అంచున తెగుతుంది.

"మల్ల గుంజుతదా?"

అరవై తొమ్మిదిలో భద్రాచలం దిక్కున గుంజింది.
"అవ్వ చెప్పేది," అన్నాడు,
"బువ్వ తినే యాళ్లకు
ఉట్టి మీద గిన్నెలు వాటంతటవే మోగినయట.
పిల్లి అనుకుని తిట్టిందట."

నవ్వి, విరిగిన రెండు కడ్డీలు తీసి
అంచుకు అంచు ఆనించి చూశాడు.
తిప్పి చూశాడు. కలవలేదు.
నడుమ కొంత, నీళ్లతో పాటు
పైకి రాకుండా పోయింది.

లేని రాయికి కూడా
పెట్టెలో కొలిచినంత చోటు వదలాలి.
ఒక చెక్కముక్క ఇరికించి
ఎర్ర పెయింటుతో, నాలుక కొరుక్కుంటూ, రాశాడు:
నలభై సెంటీమీటర్లు. దొరకలేదు.