వెన్న అర

మా ఫ్రిజ్‌లో వెన్న పెట్టే అర
ఈ ఏడాది మందులదైపోయింది.
వెన్న కిందికి దిగి, కోడిగుడ్ల పక్కన
అలిగినట్టు కూర్చుంది.

ఎడమవైపు నావి: పన్నెండు సిరంజిలు.
సోమ, బుధ, శుక్రవారాలు.
కుడివైపు తమ్ముడు స్వెయిన్‌ది: ఒకే ఒక్క పెన్ను.
ఆదివారం ఆదివారం, ఓడ దిగొచ్చాక.

రెండూ ఒకే తాను ముక్కలంది నర్సు ఇసోబెల్.
చేపలోనూ గుడ్డులోనూ ఉండే పూసలనే
గుచ్చి కట్టిన దండలట.
మింగితే కడుపు వాటిని మందనుకోదు,
భోజనమనుకుంటుంది.
దండ తెంపి పూసలేరుకు తింటుంది.
అందుకే సూది.

నా దండలో నాలుగే రకాల పూసలు.
వరస లేదు, పసిపిల్ల గుచ్చినట్టు.
నరాల మీది తొడుగును పోలి ఉంటుందట.
కంచే చేను మేస్తున్న ఒళ్ళు నాది.
ఆ కంచె ముందు వారానికి మూడుసార్లు
దొంగ పైరు పరుస్తాను, ఇది నములు అని.
నములుతుందో, నవ్వుకుంటుందో
డాక్టర్లు కూడా గట్టిగా చెప్పరు.

వాడి దండలో ముప్ఫై ఒక్క పూసలు.
ఒక్కటీ అటూ ఇటూ కాకూడదు.
పేగు మెదడుకు రాసే ఉత్తరాన్ని
దొంగ చేవ్రాలుతో రాస్తుంది:
"భోజనం అయింది, ఇక చాలు."
అసలు ఉత్తరం నిమిషాల్లో చిరిగిపోతుంది.
ఇది వారం దాకా చిరగదు.
దీని చుట్టం ఒకటి మొదట దొరికింది
ఏడాదికి నాలుగైదు సార్లే తిని బతికే
ఎడారి బల్లి ఉమ్ములోనట.
ఆ మాట విన్నప్పటి నుంచి వాణ్ణి బల్లీ అని పిలుస్తున్నాను.
వాడు నన్ను కంచె అంటాడు.

నాది జబ్బు, వాడిది బద్ధకం.
స్ట్రామ్‌నెస్‌లో లెక్క అది.
నా చేతికర్ర చూసి దుకాణం తలుపు పట్టుకుంటారు.
వాడి వదులైన ప్యాంటు చూసి బల్ల చరిచి నవ్వుతారు.
నా సూదులు ప్రభుత్వం ఇస్తుంది.
వాడి పెన్ను జీతంలో ఐదోవంతు తింటుంది,
ఇంట్లో బాగా తినేది ఇప్పుడు అదొక్కటే.
నిద్రలో వాడి ఊపిరి ఆగేది.
మళ్ళీ మొదలయ్యేదాకా
గోడకివతల అంకెలు లెక్కపెట్టింది నేను.
ఆ సంగతి బల్ల చరిచేవాళ్ళకు తెలియదు.

జనవరిలో గాలి వచ్చి కరెంటు పట్టుకుపోయింది.
ఫ్రిజ్ మూలుగు ఆగాక గాని
ఇన్నాళ్ళూ అది మూలిగేదని తెలియలేదు.
మందులు వేడెక్కితే చెడతాయి,
గడ్డకడితే ఇంకా చెడతాయి.
లోపల పొయ్యి, బయట మంచు.
బిస్కెట్ల డబ్బాలో రెండింటినీ కలిపి పెట్టి
ఉన్ని మేజోడు తొడిగి
మెట్టు మెట్టుకూ ఎక్కిస్తూ దించుతూ
థర్మామీటరుతో తిరిగాడు స్వెయిన్,
బాలింత ఇంట్లో మగాడిలా.
వెనక తలుపు దగ్గర, మూడో మెట్టు మీద, ఏడు డిగ్రీలు.
అక్కడ పెట్టాడు.

(తెల్లారి ఫోను కలిశాక ఇసోబెల్ పగలబడి నవ్వింది:
నెల్లాళ్ళు బయటున్నా ఏమీ కాదు, కాగితం చదవలేదా?
చదవలేదు. ఇద్దరమూ.)

ఆ రాత్రి గ్యాసు పొయ్యి మీద
బంగాళాదుంప, టర్నిప్ కలిపి మెదిపాడు.
హోయ్ ఓడలో పంతొమ్మిదేళ్ళు వండిన చెయ్యి.
ఎంత అలలోనూ కడుపు తిప్పనివాడు
పెన్ను మొదలెట్టాక రేవులోనే వాంతి చేసుకున్నాడు.
నాకు గిన్నెడు, తనకు రెండు చెంచాలు.
"ఉప్పు?" అన్నాడు. తన నాలుకను ఇప్పుడు నమ్మడు.
"ఇంకో చిటికెడు" అన్నాను.
తిన్నంతసేపూ నా నోటినే చూశాడు,
రేడియోలో ఆట వింటున్నవాడిలా.

"నేల చల్లగా ఉందా?" అని అడిగాను.
నా పాదాలు ఆ కబురు మోసుకురావడం మానేసి మూడేళ్ళు.
వంగి, అరచెయ్యి ఆనించి చూశాడు.
"మేజోళ్ళు వేసుకో" అన్నాడు.

ఒకటి దొరికింది.
రెండోది మెట్ల మీద, డబ్బాకు తొడిగి ఉంది.