రెక్కలున్నవి, లేనివి

సైన్‌షాండ్‌లో దుకాణం మూసే వేళ
దుల్మా అడిగింది: రెక్కలున్నవా, లేనివా?
గుర్రాల బేరాల్లో ముప్పై ఏళ్లు నెగ్గుకొచ్చినవాణ్ణి,
నోట మాట రాలేదు.

నాకు తెలిసింది ఉన్ని.
గుడారం మీది ఉన్నిపొర
ఎంత మందముంటే ఎంత చలి ఆపుతుందో
బొటనవేలితో నొక్కి చెప్పగలను.
అలాగే నొక్కాను ఒక్కో ప్యాకెట్టునీ.
దుల్మా నవ్వలేదు.
అందుకు ఆమెకు రుణపడ్డాను.

రాత్రివి, పగటివి, సన్నవి, పూల వాసనవి
నాలుగు రకాలూ కోటు లోపల దాచి తెచ్చాను,
గాలివానలో ఈనిన గొర్రెపిల్లను తెచ్చినట్టు.

ఎనెరెల్ అన్నీ విప్పి పొయ్యి పక్కన పరిచింది.
"దాచడమెందుకు నాన్నా? వీటి పట్టెంతో చూద్దాం" అని
ఉప్పేసిన పాల టీ
చెంచాతో పోస్తూ లెక్కపెట్టింది.
పూలది మూడో చెంచాకే చేతులెత్తేసింది.
రాత్రిది పదకొండు తాగి
ఏమీ ఎరగనట్టు పడుకుంది.

"బడికి ఈ సన్నది. గుర్రమెక్కితే రెక్కలది.
పూలది నీ బూట్లలో వేసుకో,
వాటికే కావాలి వాసన."

వాళ్లమ్మ ఉంటే ఏం చెప్పేదో నాకు తెలీదు.
గిన్నెలో టీ అయిపోయింది.
మళ్లీ నీళ్లు పెట్టాను,
ఈసారి తాగడానికి.