బూటె

లైటు లేని సైకిలు మీద
కాట్వైక్ ఇసుక దిబ్బల పక్కగా పోతుంటే
ఆపాడు పోలీసు.
వారం తిరక్కుండా కిటికీ ఉన్న కవరొచ్చింది.
డెబ్భై అయిదు యూరోలు.
పైన లావు అక్షరాల్లో ఒకే మాట, బూటె.
మొదటిసారి విన్నప్పుడు బూతేమో అనుకున్నాను.
అంకె చూశాక, అవునేమో అనిపించింది.

మా భాషలో
చేసిందీ తప్పే, కట్టేదీ తప్పే.
నేరమూ జరిమానా
ఒకే దుప్పటి కప్పుకుని పడుకుంటాయి.

కింది వాటాలో వైన్‌చె ముసలమ్మకి కాగితం చూపించి
ఈ మాటకి అర్థమేమిటన్నాను.
కళ్లజోడు వెతుక్కోలేదు ఆమె.
సొరుగులోంచి చెక్క సూది తీసింది,
బక్కచేపంత, నోట్లో ఇంకా దారం.

"పదహారేళ్లప్పుడు నా పని ఇది. బూటెన్.
రాళ్లు కొరికిన వలని ఒళ్లో వేసుకుని
కన్ను కన్నుకీ ముడేసి బాగుచెయ్యడం.
షెడ్డులో పదకొండు మందిమి.
పగిలిన వేళ్లలోకి తారు దిగేది.

ఒక శనివారం తొందరలో
(ఆ తొందర పేరు క్రైన్,
తర్వాత ఇంకెవర్నో చేసుకున్నాడు)
ఒక చిల్లు వదిలేశాను.
ఓడ తిరిగొచ్చాక
యజమాని వలని దీపానికడ్డంగా పట్టి చూశాడు.
కూలీలో అర గిల్డర్ కోత.
చీటీ మీద రాశాడు: బూటె.
సోమవారం పొద్దున్నే
ఆ చిల్లు ముందే కూచోబెట్టి అన్నాడు: బూటెన్.
అందులోంచి ఎన్ని హెర్రింగులు బతికిపోయాయో,
వాటిని మాత్రం నా ఖాతాలో
ఎవరూ జమ వెయ్యలేదు."
నవ్వింది. పళ్లసెట్టు కదిలింది.

పైకొచ్చి ఫోన్లో డబ్బు కట్టేశాను.
ధన్యవాదాలంది తెర.
అయిపోయిందనుకున్నాను.

మర్నాడు ఇంకా చీకటుండగా
సైకిలు తాళం తీస్తుంటే
కింద కిటికీ తెరుచుకుంది.
"కట్టావు సరే, బూటెన్ చేశావా?"

నిలబడిపోయాను.
ఆ మాట నాకూ ఉంది,
ఇన్నాళ్లూ నోట్లో నానుతూనే ఉంది:
బాగు.
మంచిదాన్ని అనేది,
చిరిగిన చోట చేసేది.

సైకిలు దుకాణం తొమ్మిదింటికి గాని తెరవరు.
సముద్రపు గాలికి చెవులు మొద్దుబారుతుంటే
గుమ్మం ముందు,
హ్యాండిల్ పట్టుకుని,
ఆగిపోయిన దీపాన్ని వేలితో తడుముతూ.