మాపు

గ్రిమ్స్‌బీ రేవులో తెల్లవారుజామున నాలుగింటికి
మంచు మీద వరుసగా పడుకున్న హడాక్ చేపలకి
భుజం మీద ఒక్కొక్క నల్లమచ్చ.
ఎవరో బొటనవేలితో నొక్కి వదిలేసినట్టు.

"వాడి సంతకం ఇదే" అంది లొరైన్ సోవర్బీ,
కత్తిని ఏప్రాన్‌కి తుడుస్తూ.
అప్పటికి వాడికింకా పేరు లేదు.

ఇరవై ఆరేళ్ళుగా ఆమె చేపల్ని ముల్లు నుంచి విడదీస్తోంది.
మెడ కింద ఒక గాటు, వెన్ను వెంట ఒక జారుడు,
తిప్పి మళ్ళీ ఒక జారుడు. అంతే.
నిమిషానికి ఎన్నో లెక్కపెట్టబోయి
నేను నా వేలు కోసుకున్నాను.
రాత్రిళ్ళు, ఫ్రీమన్ వీధిలో కబాబు కొట్టు మీది గదిలో
ఆమె మనుషుల్ని చంపుతుంది.
ఉప్పుతో కట్టిన కోటలో,
సూర్యుణ్ణి తాకట్టు పెట్టిన రాజుల ఊళ్ళో.

"మీ భాషలో చీకటికి ఓ చిన్నమాట చెప్పు" అంది టీ విరామంలో.
"రెండక్షరాలు చాలు. హంతకుడికి పొడుగు పేరుంటే
పిలిచేలోపు పని అయిపోతుంది."
కప్పుకి వేళ్ళు కాచుకుంటూ, పెద్దగా ఆలోచించకుండా,
మాపు అన్నాను.

ఏం చెప్పానో చెప్పాక గానీ తెలియలేదు.
మాపు అంటే పొద్దుగూకిన వేళ.
మాపు అంటే తెల్లచొక్కా మెడపట్టీని వదలనిది.
మాపు అంటే రూపు పక్కన చేరి
ఆ రూపునే లేకుండా చేసేది.
సాయంత్రం, మురికి, హత్య.
మూడూ ఆమె సరుకు రశీదు వెనక రాసుకుంది.
రశీదుకి చేపపొలుసు అంటుకుని ఉంది.

మొదటి పుస్తకంలో పద్నాలుగు మంది.
మాపు కూలి తీసుకుంటాడు, కారణం అడగడు.
బస్సులో చదువుతూ దిగాల్సిన చోట దిగక
క్లీథోర్ప్స్ దాకా పోయాను.
చచ్చినవాళ్ళలో మా సూపర్‌వైజరు ఉన్నాడు,
పేరు మార్చింది గానీ దగ్గు మార్చలేదు.
నా కోసమూ వెతుక్కున్నాను, సిగ్గులేకుండా.
నూట పన్నెండో పేజీలో దొరికాను:
హంతకుడి కుడిచేతికి గుడ్డ కట్టి
ఎవరో చెప్పకుండా వెళ్ళిపోయే ఆడమనిషి.
ఆ చేతికి స్పర్శ ఉండదు.
చదివినవాళ్ళు అదేదో శాపం అనుకున్నారు.

లండన్ నుంచి ఎడిటరు ఉత్తరం: రక్తం చాలడం లేదు.
"ఆయన చూసిందంతా ఎర్రరంగే" అంది లొరైన్.
"చల్లారాక అది జిగురు. గోళ్ళలో ఉంటుంది."

రెండో పుస్తకం చివర మాపుకి ఒక పని ఒప్పజెప్పారు.
ఉప్పుకోటలో అతని కథే రాస్తున్న ముసలి లేఖకురాలు.
తలుపు తీశాడు. కొవ్వొత్తి. వంగిన వీపు.
అక్కడ ఆగింది.
ఆరేళ్ళయింది.

ఉత్తరాలొస్తాయి. తిట్లు, బతిమాలడాలు.
వెల్ష్‌పూల్ నుంచి ఎవరో ఊలుతో మాపు బొమ్మ అల్లి పంపారు,
సిగరెట్టు పెట్టెలోని వెండికాగితంతో దానికో కత్తి.
ఆ బొమ్మ ఇప్పుడు ఆమె కెటిల్ పక్కన కూర్చుంటుంది.
పెన్ను పట్టుకుంటే లొరైన్ వేళ్ళలోంచి జారిపోతోంది.
కత్తి జారదు.

ఎప్పుడు రాస్తావని ఒక్కసారే అడిగాను.
రేపు, అంది.
నాకు నవ్వొచ్చింది. ఎందుకంది.
అప్పు తీర్చనివాడు మా ఊళ్ళో ఏమంటాడో చెప్పాను:
రేపు, మాపు.
పాతమాటలో రేపంటే తెల్లవారడం.
ముందు అది రావాలి,
మీవాడు దాని వెనకే.

చాలాసేపు మాట్లాడలేదు.
బెల్టు మీద చేపలు కోయకుండానే సాగిపోయాయి,
సూపర్‌వైజరు దగ్గాడు.
"అయితే తలుపు దగ్గరే నిలబడమంటాను" అంది,
"తెల్లారనీ."

బయట డాక్ టవర్ మీద ఇంకా చీకటే.
చేతొడుగు తీసి, బొటనవేలితో
నా భుజం మీద గట్టిగా నొక్కి పోయింది.
మెచ్చుకోలనే అనుకున్నాను.

ఇంటికొచ్చి చూస్తే కోటు మీద మచ్చ.
ఉతకలేదు.