సూరాడా?

ఫిషింగ్ హార్బర్‌లో ఐసు ఫ్యాక్టరీ పక్క గది.
ఫ్యాను వేస్తే కాగితాలు లేస్తాయని
ఆపుకుని కూర్చుంటాను.
హుద్‌హుద్‌కి నాని, ఎండి, అట్టలు కట్టిన రిజిస్టర్లు
ఎక్కించడానికి మూడేళ్లు పట్టింది.
ఇప్పుడవన్నీ ఒకే ఫైలు, నలభై ఒక్క వేల వరుసలు:
పడవ పేరు, సరంగు పేరు, వెళ్లిన తేదీ,
కామా,
తిరిగొచ్చిన తేదీ.

బండెమ్మ గుమ్మంలో గంప దించింది.
"మా ఆయన పేరు దొరికితే
పింఛను కాగితం ఇత్తారంట బాబూ."
సూరాడ కొర్లయ్య.
వెతికాను. లేదు.

లేదంటే లేదని కాదిక్కడ.
ఒక గుమాస్తా సూరాడ అన్నాడు, ఇంకొకాయన సురాడ,
భోంచేసొచ్చిన వాడెవడో సూరాడా అని సాగదీశాడు.
కొర్లయ్య ఒకచోట కోర్లయ్య, ఇంకోచోట కొర్లయ.
సముద్రానికి అందరూ ఒకటే గానీ
వెతికే గడికి దీర్ఘం తేడా వస్తే
మనిషే వేరు.

మొదట తొందరపడి
ఒక చుక్క, పక్కనే ఒక నక్షత్రం పెట్టాను.
చుక్కంటే ఏ అక్షరమైనా, నక్షత్రమంటే ఎన్నైనా.
ఫైలంతా పసుపెక్కిపోయింది.
బండెమ్మ నవ్వింది:
"ఇది అలివి వల. నత్తలూ నాచూ కూడా ఒచ్చీసినాయి.
కన్ను సూసి కట్టాల."

కన్ను చూసి కట్టడం మొదలుపెట్టాను.
స రాశాను. పక్కన చదరపు బ్రాకెట్లలో
కొమ్ము, కొమ్ముదీర్ఘం. రెంటిలో ఏదైనా సరే.
బళ్లో మనకి సూ ఒకటే అక్షరం.
యంత్రం గుణింతాన్ని విప్పేసి
హల్లునీ గుర్తునీ విడివిడిగా లెక్కపెడుతుంది.
హల్లు దొరకని కొమ్ము కోసం
చుక్కలతో ఒక సున్నా గీసి ఉంచుతుంది,
ఆలస్యంగా వచ్చేవాడికి
మూత పెట్టి ఉంచిన కంచంలా.

చివర డా. ఆ దీర్ఘం ఉండొచ్చు, లేకపోవచ్చు.
ఆ మాట చెప్పడానికి
దాని వెనక ప్రశ్నార్థకం పెట్టాలి.
పెట్టాను.
స[ుూ]రాడా?

బండెమ్మ అయిదో తరగతి చదివింది.
తెరకి మొహం ఆనించి, వేలు పెట్టి, కూడబలుక్కుంది.
బ్రాకెట్ల దగ్గర తడబడి, దాటేసి,
"రా... డా?"
ఆగింది.
"రాడా అని అడిగినావేటి బాబూ?"

అది నేనడిగింది కాదని,
ఆ గుర్తు తన ముందున్న ఒక్క దీర్ఘానికే చెందుతుందని,
మనిషికి కాదని
చెప్పాను.
తలూపింది, నా మాట ఒక్కటీ నమ్మనట్టు.

సూరాడ వాళ్లు నూట డెబ్బై మంది తేలారు.
కొర్లయ్యని కూడా కలిపి ముడేస్తే
ఇరవై ఆరు వరుసలు.
వరుస అయిపోయిందని చెప్పే డాలరు గుర్తు తెచ్చి
దాని ముందు కామా ఉంచాను:
కామాతో ఆగిపోయినవి మాత్రమే.

ఇరవై అయిదు సార్లు తిరిగొచ్చాడు.

మిగిలిన ఒక్కటీ
పడవ నూకాలు, సురాడ కొర్లయ, నవంబరు పదకొండు, కామా.
తర్వాత యారాడ కొండ అవతల ఉన్నంత ఖాళీ.

"పదకొండు కాదు, పన్నెండు" అంది బండెమ్మ.
"తెల్లారగట్ట ఎల్లినాడు. నానే జెట్టీ దాకా ఎల్లినాను."
రాత్రే రాసి పెట్టుకున్న గుమాస్తా ఎవరో.
దీనికి నా దగ్గర ఏ గుర్తూ లేదు.

కామాతో ఆగినవి ఫైలంతటిలో పదిహేడు.
అన్నింటికీ ఒక్కసారే "రాలేదు" అని చేర్చెయ్యమన్నారు సారు.
దానికొక మీట ఉంది, అరక్షణం పని.
ఏది సముద్రమో ఏది గుమాస్తా బద్ధకమో
మీటకి తెలీదు. నాకూ తెలీదు.
బండెమ్మ వరుస ఒక్కటే అచ్చుతీసి ఇచ్చాను.
నాలుగు మడతలు పెట్టి, రొంటిన దోపి,
చేపలు మెత్తబడుతున్నాయని గంపెత్తుకుంది.

పొద్దున్న ఎడిటరు తెరిస్తే
వెతికే గడిలో నిన్నటిది అలాగే ఉంది.
ఇవాళ పుక్కళ్ల వారివి చూడాలి.
చెరపబోయాను.
చెరపకుండా, చివర ఒక నిలువు గీత గీసి
(ఇదైనా సరే, లేదా)
పక్కన టైపు చెయ్యడం మొదలుపెట్టాను.