ఎనిమిది చుట్లు

రాజనర్సూ, ఆ సంచి ముందు కింద వెట్టు.
నాలుగు స్పేసర్లు అరవై దిర్హాములకే దొరికినయని
షార్జా సనయ్య అంత నవ్వుకుంట తిరిగినట్టున్నవ్.
తప్పేం లేదు.
జీతంల సగం ఊరికి, పావు బెడ్ స్పేస్‌కు పోంగ
మిగిలినదాంతోని కారు నడిపేటోడు
అగ్గువకే ఆశపడతడు.
ఎనిమిది మంది రూంల నీకు జాగ వెతుక్కున్నవ్,
ఇప్పుడు టైరుకూ స్ట్రట్‌కూ నడుమ
ఇంత జాగ వెతుకుతున్నవ్.

గిటు చూడు. గోరుతోని తడుము.
అంచు పొంటి సన్నసన్న బెజ్జాలు.
పోత మాల్ ఇది, లోపల గాలి దాచుకున్నది.
నడిమి గుండ్రం నీ హబ్ కన్నా
మూడు మిల్లీమీటర్లు వదులు.
మూడే గదా అంటవ్.
నూటిరవై మీద స్టీరింగ్ వణికినప్పుడు
ఆ మూడు నీ మోచేతుల దాక వస్తయి.

పోయిన ఎండాకాలం ఒక నేపాలీ పిలగానికి
గిసోంటియే నేను బిగించిన.
వద్దని ఒక్కసారి అన్న. రెండోసారి అనలేదు.
ఇరవై దిర్హాముల మజూరీ అది.
ధైద్ రోడ్డు మీద వాని చక్రం
వాని బండినే దాటుకొని పోయి
ఇసుకల పండుకున్నదట.
వాడే వచ్చి నవ్వుకుంట చెప్పిండు.
ఆ రాత్రి పై మంచం పలకను చూసుకుంట
నేను దానికున్న నట్లు లెక్కవెట్టిన.

రాసుకో. ఐదు బోల్టులు,
నూట పద్నాలుగు పాయింట్ మూడు,
నడుమ అరవై పాయింట్ ఒకటి.
పాస్‌పోర్ట్ నంబర్ లెక్క నోటికి రావాలె.
జబ్బార్ భాయ్ దుకాణంల
కొలత కర్ర నువ్వే పట్టుకొని చూడు.
జత నూట ఎనభై అంటడు, నూట యాభైకి ఇస్తడు.
నాలుగెందుకురా?
నీ ఎనుక చక్రాలు రాసుకుంటలేవు.
ముందటివి రెండే కొను. అగ్గువ అంటే గది.

బిగించేటప్పుడు గన్ను ముట్టకు.
నట్టు చేతితోని తిప్పు, పైకి లెక్కవెట్టు.
ఎనిమిది చుట్లు తిరగాలె.
ఐదుకే ఆగిందా,
దేవుని పేరు జెప్పి నడపకు, విప్పెయ్.
ఎనిమిదైతే అప్పుడు టార్క్ పానా,
టక్కుమనే దాక.
నూరు కిలోమీటర్లు తిరిగినంక
శుక్రవారం నమాజ్ అయిపోయి షట్టర్ లేవంగనే రా,
మళ్ల చూస్త. దానికి పైసలు లేవు,
చాయ్ మాత్రం నీది.

ఆ నాలుగు ఇటియ్యి.
ఫ్యాన్ గాలికి బిల్లు కాగితాలు లేస్తున్నయి.
అంత బరువైతే ఇవి మోస్తయి.