రికార్డుల పేరు

మిర్యాలగూడ రైసుమిల్లు గేటు కాడ
పోయిన ఎలచ్చన్లప్పుడు ఈ సారే
"ఎనిమిది గంటలు మన హక్కు" అన్నడు.
బస్తా దించి మరీ చప్పట్లు గొట్టిండు సైదులు.

ఇయ్యాల సారు గద్దె మీద.
పన్నెండు గంటలైతేనే ఫ్యాక్టరీలొస్తయంటడు.
అప్పుడు పన్నెండన్న పెద్దమనిషి
మా పక్కన గోనెసంచి మీద కూసొని
ఎనిమిది కోసం గొంతు చించుకుంటుండు.
కాయితం అదే.
చదివే నోర్లే మారినయి.

ఇద్దరికీ మిల్లులున్నయి.

"యూనియన్ పెట్టాలంటే ఏం గావాలె?"
పొద్దుగాల ఈయన్ను, పొద్దూకి ఆయన్ను అడిగిండు సైదులు.
అసెంబ్లీల కలవని మాట ఈడ కలిసింది:
"ముందుగాల రికార్డుల పేరుండాలె."

మెడ మీది తౌడు దులుపుకుంట లెక్కవెట్టుకున్నం.
పందొమ్మిది మందిమి.
రికార్డుల ఉన్నది
గుమాస్తా,
ఎన్నడూ మిల్లు మొకం జూడని
ఆయన బామ్మర్ది.